కింది ఆకులు పసుపు, ఇప్పుడు చిగుళ్ళు కూడా పాలిపోయాయి. ఇంకేం వెయ్యాలి?

ఆకుచాటు
టమాటా మొక్కలు నాలుగు, మిరప రెండు. అన్నీ పదిహేను లీటర్ల సంచుల్లో. సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), మిగతా సగంలో మట్టీ వర్మీ కంపోస్టూ. నారు నాటి 55 రోజులైంది. నెల దాకా చూడముచ్చటగా పెరిగాయి. ఆ తర్వాత టమాటాల్లో కింది ఆకులు పసుపుకి తిరిగాయి. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగమే పసుపు. మెగ్నీషియం లోపమని చదివి ఎప్సమ్ సాల్ట్ పోశాను. నాలుగు రోజులు చూసి, తగ్గలేదని 19-19-19 ఎరువు ఇచ్చాను. తర్వాత అరటి తొక్కలు నానబెట్టిన నీళ్ళు. ఈలోగా చిగుళ్ళు కూడా తెల్లబోయేసరికి ఇనుము లోపమేమో అని అదీ పోశాను. ఇప్పుడు ఆకుల అంచులు మాడుతున్నాయి. ఒక మొక్కకి వచ్చిన మొదటి కాయ అడుగున నల్లటి మచ్చ. మిరపలో ఆకులు ముడుచుకుంటున్నాయి. పొద్దున లేవగానే వాటి దగ్గరికే వెళ్తాను, చూస్తుంటే ఏడుపొస్తోంది. ఇంకేం తక్కువైందో చెప్పండి, తెచ్చి వేస్తాను.

నారుమడి
ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపంటే మెగ్నీషియమే. సందేహం లేదు. ఎప్సమ్ సాల్ట్ వేర్లకి పోస్తే ఆలస్యం. లీటరుకు 5 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టండి, వారానికోసారి మూడు సార్లు.

పచ్చనిఈనె
కాస్త ఆగండి. ఏమీ వెయ్యకండి ఇంక. ముందు వీటికి జవాబు చెప్పండి: పసుపు మొదట ఎక్కడ కనిపించింది, కిందా పైనా? నీళ్ళు రోజుకి ఎన్నిసార్లు? ఏ నీళ్ళు? సంచి కింద పళ్ళెం ఉందా? 19-19-19 లీటరుకు ఎంత కలిపారు, ఎన్ని రోజులకోసారి?

ఎర్రటమాటా
వరసగా నాలుగు మందులా! పాపం, ఆ మొక్కలకి విందు ఎక్కువైంది.

ఆకుచాటు
@పచ్చనిఈనె పసుపు ముందు కిందే వచ్చింది, చిగుళ్ళు తెల్లబడింది వారం తర్వాత. నీళ్ళు పొద్దునోసారి, సాయంత్రమోసారి. బోరు నీళ్ళు. పళ్ళెం ఉంది, నేల పాడవకుండా పెట్టాను. 19-19-19 ప్యాకెట్ మీద లీటరుకు 5 గ్రాములని ఉంది, అంతే కలిపి మూడు రోజులకోసారి పోశాను. అడిగారని ఇప్పుడే చూశాను, సంచుల అంచు చుట్టూ తెల్లగా పొరలా కట్టింది. అది బూజేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

కుండీమాస్టారు
ఆ తెల్ల పొరే అసలు సంగతి చెప్తోంది. అది బూజు కాదు, ఉప్పు. మీరు పోసిన ఎరువుల ఉప్పూ, బోరు నీళ్ళలోని సున్నమూ కలిసి పైకి తేలి ఎండాయి. ప్యాకెట్ మీద ఉన్న 5 గ్రాములు సాధారణంగా ఆకుల మీద కొట్టే మోతాదు. సంచిలో పోసే నీళ్ళకి లీటరుకు గ్రాము, మహా అయితే రెండు. అది కూడా వారానికోసారి.

ఇక ఆకుల సంగతి. పటాల్లో పదిహేను రకాల పసుపు ఆకులు పక్కపక్కన పెట్టి చూపిస్తారు, అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. బొమ్మని కాదు, చోటుని చూడండి. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. తక్కువైనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోంచి వాటిని లాక్కుని చిగుళ్ళకి పంపుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు తాము తినకుండా పిల్లలకి పెట్టినట్టు. అందుకే వీటి లోపం కిందినుంచి మొదలవుతుంది. కాల్షియం, ఇనుము, బోరాన్, మాంగనీసు ఒకసారి ఆకులో స్థిరపడితే దాదాపు కదలవు. అవి తక్కువైతే దెబ్బ లేత ఆకులకే. గంధకం, జింకు మధ్యస్థం, ఎక్కువగా పైనే కనిపిస్తాయి.

కింది ఆకు మొత్తం ఒకే తీరుగా పసుపైతే నత్రజని. ఈనెలు పచ్చగా నిలిచి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. అంచులు మాత్రం కాలినట్టు గోధుమ రంగుకి వస్తే పొటాష్, లేదా ఉప్పు ఎక్కువవడం. ఈ రెండిటికీ తేడా ఆకు చూసి చెప్పడం నాకూ కష్టమే. చిగురులో ఈనెలు సన్నటి పచ్చ గీతల్లా, మిగతాది తెల్లగా ఉంటే ఇనుము.

మీ మొక్కల్లో కిందా పైనా రెండూ ఉన్నాయి. రెండు మూడు లోపాలు ఒకేసారి కనిపించాయంటే సాధారణంగా లోపం సంచిలో ఉండదు, వేర్లలో ఉంటుంది.

ఆకుచాటు
అంటే నేనే పాడుచేశానా 😔

కుండీమాస్టారు
పాడుచెయ్యలేదు. ప్రేమ ఎక్కువైంది. బాగుచెయ్యొచ్చు.

నీళ్ళచెంబు
మాస్టారి మాటకి నాదో అనుభవం. నా వంకాయ మొక్క అచ్చం ఇలాగే పసుపైతే నెల రోజులు రకరకాల ఎరువులు పోశాను. ఆఖరికి విసుగొచ్చి సంచి చింపి చూస్తే కింది సగం బురద. వేర్లు గోధుమ రంగు, పట్టుకుంటే పైపొర ఊడి వస్తోంది, పులిసిన వాసన. వేరుకి గాలి అందకపోతే పక్కనే ఎంత ఎరువున్నా తీసుకోలేదు. అప్పటినుంచి ఏ మొక్క పసుపైనా ముందు సంచి ఎత్తి బరువు చూస్తాను. బరువుగా ఉంటే ఆ రోజు చెంబు ముట్టుకోను.

నారుమడి
నీళ్ళు ఎక్కువైతే ఆకు మొత్తం పాలిపోతుంది, వేలాడుతుంది. ఇక్కడ ఈనెలు స్పష్టంగా పచ్చగా ఉన్నాయంటున్నారు కదా. నేను మెగ్నీషియం అన్నదాంట్లో తప్పేముంది?

పచ్చనిఈనె
తప్పని ఎవరూ అనలేదు. మెగ్నీషియం లోపమే కావచ్చు. కానీ సంచిలో మెగ్నీషియం లేకనా, ఉన్నా మొక్క తీసుకోలేకనా అన్నదే ప్రశ్న. పొటాష్ ఎక్కువైతే మెగ్నీషియాన్నీ కాల్షియాన్నీ వేర్లలోకి రానివ్వదు. ఈ మొక్కలకి అందిన పొటాష్ లెక్కెయ్యండి. 19-19-19లో ఉంది, కోకోపీట్‌లో సహజంగానే ఉంటుంది, అరటి తొక్క నీళ్ళలో కాస్త. పైగా సరిగ్గా శుద్ధి చెయ్యని కోకోపీట్ తనలోని పొటాష్‌నీ సోడియాన్నీ వదిలి, మనం ఇచ్చే కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే వాడే ముందు దాన్ని కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి కడుగుతారు. 19-19-19లో ఉన్నవి నత్రజని, భాస్వరం, పొటాష్ మూడే. కాల్షియం, మెగ్నీషియం అందులో ఉండవు. 19 అంకె మూడుసార్లు ఉంది కాబట్టి అన్నీ ఉన్నాయని చాలామంది అనుకుంటారు.

నారుమడి
ఇది ఒప్పుకుంటాను. కోకోపీట్ సంగతి నేను చూసుకోలేదు.

పాతపుస్తకం
అంత మందు పోసినా ఎందుకు తగ్గలేదన్న దానికి ఓ పాత లెక్క ఉంది. 1828లో స్ప్రెంగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు, 1840ల్లో లీబిగ్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త దాన్ని ప్రచారం చేశాడు. మొక్క ఎదుగుదల అన్నిటికన్నా తక్కువగా ఉన్న పోషకం దగ్గర ఆగిపోతుందన్నది దాని సారం. చెక్క తొట్టికి ఒక పలక పొట్టిదైతే, మిగతా పలకలు ఎంత ఎత్తు పెంచినా నీళ్ళు ఆ పొట్టి పలక మీంచే పోతాయి. మీరు ఇన్ని రోజులూ పొడుగు పలకలకే ఎత్తు పెంచారు. మొక్కకి తప్పనిసరైన పోషకాలు 17 అంటారు ఇప్పుడు. ఆ జాబితాలో ఆఖరున చేరింది నికెల్, 1987లో. ఒక మూలకం అత్యవసరమని నిరూపించడానికే ఇంతకాలం పట్టిందంటే, ఒక్క ఆకు ఫొటో చూసి మనం తేల్చేస్తే ఎలా?

రాత్రిడ్యూటీ
ఫొటో మాటొచ్చింది కాబట్టి. సాయంత్రం బల్బు వెలుగులో తీసిన ఫొటో పెట్టకండి ఎవరూ. నేను అలాంటి ఫొటో పెట్టి, అందరూ నత్రజని లోపమంటే ఎరువేశాను. తెల్లారి చూస్తే ఆకు నిగనిగలాడే పచ్చ. పగలు, నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి తియ్యండి. పై ఆకొకటి, కింది ఆకొకటి, మొక్క మొత్తం ఒకటి.

మిర్పతోట
మిరప ముచ్చట ఎవ్వరూ మాట్లాడుతలేరు, నేను చెప్త. పోయినసారి నా మిరప చెట్లకు ఆకులన్నీ తిరగబడ్డ పడవ లెక్క కిందికి ముడుచుకున్నయి. ఒకాయన కాల్షియం అన్నడు, ఇంకొకాయన బోరాన్ అన్నడు. రెండూ ఏసిన. నెల పోయింది, చెట్టు గిడసబారింది. ఆఖరికి భూతద్దం పెట్టి చూస్తే చిగురు అడుగున నల్లి! కండ్లకు కనవడది అది, మిల్లీమీటర్ల ఐదో వంతు ఉంటది. గుర్తువెట్టుకోండ్రి: ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఎరువు లోపం అనుకునే ముందు ఆకు తిప్పి చూడుండ్రి.

ఆకుచాటు
@మిర్పతోట నావి కిందికే ముడుచుకున్నాయి. కాడలు కూడా పొడుగ్గా సాగాయి. నా దగ్గర భూతద్దం లేదు.

మిర్పతోట
కాడ సాగిందంటే నల్లే. ఫోన్ కెమెరాకు చిన్న భూతద్దం తగిలిస్తే చాలు, పదింతలు చూపిచ్చేది. నీళ్ళల్ల కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేటట్టు కొట్టుండ్రి. ఎండల మాత్రం కొట్టకుండ్రి, ఆకు మాడుతది. వేప నూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగాలె.

ఎర్రటమాటా
నాకు తెలిసిన ఒకాయన బొబ్బర తెగులు సోకిన మిరపకి సీజనంతా సూక్ష్మధాతువులు కొట్టాడు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. దానికి ఏ ధాతువు ఏం చేస్తుంది.

పెంకుటిల్లు
కాయ అడుగున నల్ల మచ్చకి గుడ్డు పెంకుల పొడి వేస్తే సరిపోతుంది. కాల్షియం లోపం అది. నేను ఎప్పుడూ అదే వేస్తాను.

కుండీమాస్టారు
@పెంకుటిల్లు గారూ, మచ్చ కాల్షియం వల్లేనన్న మాట నిజం. కానీ కాయలో కాల్షియం లేకపోవడం వేరు, మట్టిలో లేకపోవడం వేరు. కాల్షియం నీళ్ళతో పాటే పైకి వెళ్తుంది. ఆకులు నీటిని ఎక్కువగా ఆవిరి చేస్తాయి కాబట్టి ఎక్కువ భాగం ఆకులకే పోతుంది, కాయకి మిగిలేది కొంచెం. ఒకరోజు ఎండబెట్టి మరోరోజు ముంచేస్తే ఆ కొంచెం కూడా అందదు. మట్టిలో ఉప్పు పెరిగినా అంతే, వేరు నీళ్ళు లాగలేదు. గుడ్డు పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేటే. కరగడానికి నెలలు పడుతుంది. మట్టి పులుపు తగ్గి సున్నం ఎక్కువగా ఉన్న చోట అసలు కరగదు. పైగా వీళ్ళవి సున్నం నీళ్ళు, కాల్షియానికి కొదవ ఉండకూడదు.

పెంకుటిల్లు
నాకైతే ప్రతిసారీ తగ్గింది మరి.

నీళ్ళచెంబు
మొదటి గుత్తిలో వచ్చి ఆ తర్వాత గుత్తులకి దానంతటదే తగ్గడం టమాటాలో మామూలే. మీరు పెంకు వేసిన రోజే తగ్గడం మొదలైందేమో.

పెంకుటిల్లు
కావచ్చు. ఈసారి ఒక కుండీకి వేసి ఒకదానికి వెయ్యకుండా చూస్తాను. మాటంటే చెయ్యాలి కదా.

పచ్చనిఈనె
@ఆకుచాటు ఊహల కన్నా కొలత మేలు. పీహెచ్ మీటరు (పులుపా సున్నమా చెప్పేది), ఈసీ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పేది) ఎవరి దగ్గరైనా దొరికితే ఒక్క పూట తెచ్చుకోండి. సంచికి మామూలుగా నీళ్ళు పోసి అరగంట ఆగండి. తర్వాత పళ్ళెం కడిగి పెట్టి, పైనుంచి కాస్త శుద్ధమైన నీళ్ళు పొయ్యండి, కింద నుంచి యాభై మిల్లీలీటర్లు వచ్చేదాకా. ఆ కారిన నీళ్ళని కొలవండి. మీ బోరు నీళ్ళని విడిగా కొలవండి. రెండంకెలూ చెప్పండి.

ఆకుచాటు
స్నేహితుల దగ్గర తెచ్చాను. కారిన నీళ్ళు: పీహెచ్ 7.8, ఈసీ 5.2. బోరు నీళ్ళు: పీహెచ్ 7.9, ఈసీ 1.1. మిగతా మూడు సంచులూ కూడా నాలుగు పైనే ఉన్నాయి.

పచ్చనిఈనె
ఇదిగో దొరికింది. టమాటాకి కుండీలో పీహెచ్ 6 నుంచి 6.8 మధ్య ఉంటే హాయి. 7.8లో ఇనుము ఉన్నా కరగదు, మొక్కకి అందదు. మీ చిగుళ్ళు తెల్లబడింది అందుకే. ఈసీ 5 దాటిందంటే అంచులు మాడింది ఉప్పుకే. కొలిచిన నీళ్ళు కాస్త పలచబడి ఉంటాయి, లోపల ఇంకా ఎక్కువే.

ఎర్రటమాటా
మరి ఇనుము పోశారు కదా, ఎందుకు పనిచెయ్యలేదు?

కుండీమాస్టారు
ఏ ఇనుము అన్నది ముఖ్యం. ఇనుము గడ్డకట్టకుండా కరిగిన స్థితిలోనే పట్టి ఉంచే పదార్థాన్ని చీలేటు అంటారు. ఈడీటీఏ రకం చీలేటు పీహెచ్ ఆరున్నర దాటితే వీగిపోతుంది. డీటీపీఏ ఏడున్నర దాకా నిలుస్తుంది. సున్నపు మట్టిలో నిలిచేది ఈడీడీహెచ్ఏ, నీళ్ళలో ఎర్రగా కరుగుతుంది. @ఆకుచాటు డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి.

ఆకుచాటు
ఈడీటీఏ అనే ఉంది. అసలు రకాలుంటాయనే తెలియదు.

నారుమడి
ఇప్పుడేం చెయ్యాలి? నా మాట: ఎక్కువ నీళ్ళతో కడిగెయ్యడమే. సంచి పదిహేను లీటర్లైతే నలభై లీటర్ల దాకా మెల్లగా పోసి కింద కారనివ్వాలి. ఉప్పంతా పోతుంది.

నీళ్ళచెంబు
వేర్లు ఇప్పటికే మునిగి ఉన్నాయేమో, వాటి మీద నలభై లీటర్లా? నా వంకాయ గతి పట్టిస్తావా తమ్ముడూ. ముందు ఒక మొక్కని సంచి లోంచి జార్చి వేరు ముద్ద చూడాలి. వేర్లు తెల్లగా ఉంటే కడగాలి, గోధుమ రంగైతే మట్టి మార్చాలి.

నారుమడి
55 రోజుల మొక్కని పీకితే పూత మొత్తం రాల్చుకుంటుంది అక్కా.

నీళ్ళచెంబు
పూత మళ్ళీ వస్తుంది. కుళ్ళిన వేరు రాదు.

కుండీమాస్టారు
ఇద్దరి మాటా పడుతుంది. అన్నిటికన్నా దీనంగా ఉన్న మొక్కని జార్చి చూడండి. మిగతావాటిని ముందు పళ్ళాల మీంచి దింపండి, అది ఈ క్షణమే. కడిగేది బోరు నీళ్ళతోనే అయినా 5.2 నుంచి దిగుతుంది, వాన నీళ్ళు దొరికితే ఇంకా మంచిది. ఉదయం పూట పొయ్యండి, నీళ్ళు కారినంతసేపూ సంచుల్ని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. తర్వాత పైమట్టి రెండంగుళాలు ఎండేదాకా చుక్క నీళ్ళు వద్దు. నాలుగైదు రోజుల తర్వాత కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము ఒకసారి ఇవ్వండి. కడిగినప్పుడు నత్రజని కూడా పోతుంది కాబట్టి. ఈడీడీహెచ్ఏ ఒకసారి. అంతే. ఆకుల సంగతి రెండు వారాలు మాట్లాడుకోవద్దు.

రాత్రిడ్యూటీ
నిమ్మ ఉప్పుతో పీహెచ్ దింపుకోవచ్చా మాస్టారూ? వెనిగర్ పొయ్యమని కూడా అంటారు.

కుండీమాస్టారు
పోసే నీళ్ళలో సున్నం విరగ్గొట్టడానికి నిమ్మ ఉప్పు పనికొస్తుంది, చిటికెడు చిటికెడుగా వేసి మీటరుతో చూసుకుంటూ. మట్టిలో దాని ప్రభావం ఎక్కువ రోజులు ఉండదు, సూక్ష్మజీవులు తినేస్తాయి. మీటరు లేకుండా వెనిగర్ కుమ్మరించడం మాత్రం వద్దు.

మిర్పతోట
పాత ఆకులు మళ్ళ పచ్చగైతయని ఎదురుసూడకండ్రి @ఆకుచాటు. మాడింది మాడిందే. కొత్తగ వచ్చే ఆకు చూడుండ్రి.

ఆకుచాటు
పదకొండు రోజుల తర్వాత చెప్తున్నాను. అన్నీ చేశాను, ఒకటి తప్ప. కాల్షియం నైట్రేట్, ఇనుము మూడో మొక్కకి ఇవ్వలేదు. పెంకుటిల్లు గారి మాట చదివాక నేనూ ఒకదాన్ని వదిలి చూద్దామనుకున్నాను.

దీనంగా ఉన్నదాన్ని జార్చితే కింద మూడో వంతు వేర్లు గోధుమ రంగు, నీళ్ళచెంబు గారు చెప్పిన వాసనే. కుళ్ళినవి కత్తిరించి కొత్త మిశ్రమంలో పెట్టాను. నిలబడలేదు, నాలుగో రోజుకి వాడిపోయింది. ఆ పూట అన్నం సహించలేదు. మిగతా మూడూ బతికాయి. ఈసీ 2.1కి వచ్చింది, పీహెచ్ ఇంకా 7.3. రెండింటికి చిగుళ్ళు పచ్చగా వస్తున్నాయి. మూడోదానికీ పచ్చదనం వస్తోంది, కాస్త వెనకబడి. మిరప కింద నిజంగానే నల్లి ఉంది, గంధకం రెండుసార్లు కొట్టాను. కొత్త ఆకు విప్పారి వస్తోంది.

నారుమడి
మూడోదానికి ఎప్సమ్ కొట్టారా?

ఆకుచాటు
దేనికీ కొట్టలేదు. కింద పసుపు ఆకులు రెండు మూడు మిగిలాయి, పైకి పాకడం ఆగింది.

నారుమడి
సరే, ఇంకో వారం ఆగండి. కాయలు ఊరే రోజుల్లో కింది ఆకుల్లో మెగ్నీషియం తగ్గడం టమాటాలో మామూలే, మళ్ళీ పైకి పాకితే అప్పుడు ఒక్కసారి కొట్టండి. నేను మొదటి రోజే అడగాల్సినవి అడగకుండా మందు చెప్పాను.

నీళ్ళచెంబు
పోయిన మొక్క గురించి బాధపడకండి. ఆ సంచి మట్టి మాత్రం మళ్ళీ టమాటాకి వాడకండి. మూడోదానికి ఆకులు ఎన్ని వచ్చాయో లెక్కపెడుతూ ఉండండి, మాకూ చెప్పండి.

ఆకుచాటు
నిన్నటికి నాలుగు. ఐదోది విప్పుకుంటోంది.